ఏ సున్నా లెక్కలోకి వస్తుంది?

(ఆ రోజు రాలేనివాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసిన ప్రసంగ పాఠం)

అందరూ కూర్చున్నారా? వెనక వాళ్లకి బోర్డు కనపడుతోందా? సరే. రెండు సంఖ్యలు రాస్తున్నాను చూడండి. 2.4 సెం.మీ. ఒకటి, 2.40 సెం.మీ. ఇంకొకటి. ఇవి రెండూ ఒకటేనా, వేరువేరా? ఒకటే అనేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు.

లెక్కల సారు అడిగుంటే మీరు చెప్పింది కరెక్టే. సంఖ్యారేఖ మీద రెండూ ఒకే బిందువు. కానీ నేను పక్కన సెంటీమీటర్లు అని రాశాను కదా, అంటే ఎవరో దేన్నో కొలిచారన్నమాట. కొలత అనగానే ఇవి రెండూ వేరైపోతాయి. మొదటిది మామూలు స్కేలు పట్టుకున్న మనిషి మాట. మిల్లీమీటరు దాకా చూశాను, ఆ తర్వాత సంగతి నాకు తెలియదు అంటున్నాడు. రెండోది వెర్నియర్ కాలిపర్స్ పట్టుకున్న మనిషి మాట. మిల్లీమీటరులో పదో వంతు దాకా చూశాను, అక్కడ సున్నా ఉంది అంటున్నాడు. చూసి సున్నా ఉందని చెప్పడం వేరు, అసలు చూడకపోవడం వేరు. అవునా కాదా?

ఇంకోలా చెప్తాను. 2.4 అన్నప్పుడు ఆ పొడవు 2.35కీ 2.45కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 2.40 అన్నప్పుడు 2.395కీ 2.405కీ మధ్య ఉండాలి. అనుమానం పదో వంతుకి తగ్గిపోయింది. ఒక్క సున్నా చేసిన పని అది. మొదటిదాంట్లో సార్థక అంకెలు రెండు, రెండోదాంట్లో మూడు. సిగ్నిఫికెంట్ ఫిగర్స్ అని మీరు ఫిజిక్సులో, కెమిస్ట్రీలో చదువుకున్నది దీని గురించే. నమ్మకంగా తెలిసిన అంకెలన్నీ, వాటి తర్వాత కొంచెం అనుమానంతో తెలిసిన ఒక్క అంకె. అంతే నిర్వచనం.

ఇప్పుడు సమస్యంతా సున్నాలతోనే. 1 నుంచి 9 దాకా ఏ అంకె వచ్చినా లెక్కపెట్టేయండి, దాని గురించి గొడవే లేదు. మధ్యలో ఇరుక్కున్న సున్నా కూడా అంతే, 5.07లో సున్నా చూసి రాసిందే, చూడకపోతే ఆ తర్వాత 7 ఎలా వస్తుంది? కాబట్టి మూడు. ముందు సున్నాలూ చివరి సున్నాలూ ఉన్నాయే, అవి మనల్ని తిప్పలు పెడతాయి. పుస్తకాల్లో దీనికి నాలుగో అయిదో రూల్సు ఉంటాయి, పరీక్ష ముందు రోజు అందరూ బట్టీ పడతారు, మర్నాడు మర్చిపోతారు. నాకైతే ఆ రూల్సన్నీ పక్కన పెట్టి ఒకే ఒక్క పరీక్ష పెట్టడం ఇష్టం. ప్రమాణం మార్చి చూడండి.

చూడండి. ఒక తీగ మందం 0.00308 మీటర్లు. ఇందులో ఎన్ని సార్థక అంకెలు? ఆరు అని ఎవరో అన్నారు. సరే, సెంటీమీటర్లలోకి మార్చండి, 0.308. మిల్లీమీటర్లలోకి, 3.08. మైక్రోమీటర్లలోకి, 3080. తీగ అదే, కొలిచిన మనిషీ అతనే, పరికరమూ అదే. ముందున్న సున్నాలు ఏమైపోయాయి? మాయమయ్యాయి. మైక్రోమీటర్లలో చివర కొత్తగా ఒక సున్నా ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరూ కొలవలేదు దాన్ని. మనం ప్రమాణం మారిస్తే వచ్చిపోయే సున్నాలు కొలతలోవి కావు, దశాంశ బిందువు ఎక్కడుందో చెప్పడానికి నిలబెట్టినవి. ఏం చేసినా పోకుండా నిలిచింది 3, 0, 8. మూడే సార్థక అంకెలు. ముందున్న సున్నాలు ఎందుకు లెక్కలోకి రావో వేరే రూలు అక్కర్లేదు కదా ఇక.

మరి 2.40 సెం.మీ. మీద అదే పరీక్ష పెట్టండి. మీటర్లలో 0.0240, మిల్లీమీటర్లలో 24.0. ఆ చివరి సున్నా పోయిందా? పోలేదు. పోనివ్వకూడదు కూడా. 24 మి.మీ. అని రాస్తే కాలిపర్సుతో పడ్డ కష్టం అంతా పోయినట్టే. దశాంశ బిందువు తర్వాత చివర్లో సున్నా రాయమని ఎవరూ బలవంతం చేయరు, అక్కర్లేకపోతే రాయరు. రాశారంటే చూసి రాశారని అర్థం.

ఇప్పుడు అసలు చిక్కు. 1500 మీటర్లు. ఎన్ని?

రెండు, నాలుగు, మూడు... అన్నీ వినిపిస్తున్నాయి. మీరంతా కరెక్టే, మీరంతా తప్పే. ఆ కాగితం మీద రాసిన సంఖ్యని చూసి చెప్పడం కుదరదు. వందల్లో అంచనా వేశారా, రెండు. పదుల్లో కొలిచారా, మూడు. టేపు పెట్టి మీటరు దాకా కొలిచి చూస్తే సరిగ్గా 1500 వచ్చిందా, నాలుగు. బిందువు లేకపోతే చివరి సున్నాలు లెక్కలోకి రావు అని పాఠ్యపుస్తకాలు అంటాయి. అది సత్యమేం కాదు, అనుమానం ఉన్నప్పుడు తక్కువ చెప్పుకోవడం మంచిదని పెట్టుకున్న ఒప్పందం. పరీక్షలో అయితే రెండు అని రాయండి, మార్కులు పోవు. బయట అయితే కొలిచిన మనిషిని అడగండి. సార్థక అంకెలనేవి సంఖ్యలో ఉండవు, కొలతలో ఉంటాయి. సంఖ్య వాటిని ఒక్కోసారి సరిగ్గా చూపిస్తుంది, ఒక్కోసారి దాచేస్తుంది.

దీని మీద ఒక కథ ఉంది. ఎవరెస్టు శిఖరం. అప్పట్లో దానికా పేరు లేదు, పదిహేనో శిఖరం అనేవాళ్లు. 19వ శతాబ్దం మధ్యలో భారత మహా త్రికోణమితి సర్వే వాళ్లు చాలా దూరం నుంచి, కొండ దరిదాపులకి కూడా పోకుండా, థియోడొలైట్లతో కోణాలు కొలిచి ఎత్తు కట్టారు. రాధానాథ్ సిక్దర్ ఆ లెక్కలు చేసినవాడిగా ప్రసిద్ధుడు. 1856లో సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా ఎత్తు 29,002 అడుగులని ప్రకటించాడు. ఇప్పుడు కథ ఏంటంటే, వేర్వేరు చోట్ల నుంచి కట్టిన ఎత్తుల సగటు సరిగ్గా 29,000 అడుగులే వచ్చిందట, అలా రాస్తే జనం ఇదేదో కాకిలెక్క అనుకుంటారని పైన రెండు అడుగులు కలిపారట. ఇది నిజంగా జరిగిందో లేదో పక్కన పెట్టండి, అలా చెప్పుకుంటారు.

కానీ ఆలోచించండి, ఎందుకు పుట్టింది ఈ కథ? 29,000 అని రాస్తే చదివేవాడికి కనపడేది రెండు అంకెలే. ఆ మూడు సున్నాలు కొలిచిన సున్నాలో, చోటు నింపే సున్నాలో తెలియదు. అన్నేళ్లు కష్టపడి కొలిచిన సున్నాల్ని ఎవరూ నమ్మరు. అదే 2.9000 × 10⁴ అడుగులు అని రాస్తే? రెండు అడుగులు కలపాల్సిన అవసరమే లేదు. 2 తర్వాత బిందువు పెట్టాం కాబట్టి దాని తర్వాత రాసిన ప్రతి సున్నా చూసి రాసిందే, మొత్తం అయిదు. పది ఘాతాల్లో రాయమని మాస్టార్లు ఎందుకు పోరు పెడతారంటే ఇందుకే. చోటు చూపించే పని మొత్తం పది ఘాతానికి అప్పగించేస్తాం, ముందున్న భాగంలో కొలిచినవి మాత్రమే మిగులుతాయి. ఇందాకటి 1500ని 1.5 × 10³ అన్నా, 1.500 × 10³ అన్నా ఇక గొడవ లేదు.

అన్నట్టు 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లని ప్రకటించాయి. అడుగుల్లో సుమారు 29,032. అంటే పాత లెక్కకీ దీనికీ ముప్పై అడుగుల తేడా. 29,002లో ఆ చివరి 2 మాట దేవుడెరుగు, దాని ముందున్న సున్నా కూడా నిలబడలేదు. అయినా అంత దూరం నుంచి కొలిచి వెయ్యికి ఒక అడుగు తేడాలో పట్టుకున్నారంటే, నాకైతే ఆ మనుషులకి దండం పెట్టాలనిపిస్తుంది. అంకెలు ఎక్కువ రాయడం వేరు, బాగా కొలవడం వేరు.

సరే, లెక్కలు చేసేటప్పుడు ఏమవుతుందో చూద్దాం. ఇక్కడ క్యాలిక్యులేటర్ ఉన్నవాళ్లు తీయండి. ఒక రేకు పొడవు 12.4 సెం.మీ., వెడల్పు 7.3 సెం.మీ. వైశాల్యం? 90.52 అని చూపిస్తోంది. రాసేద్దామా? ఆగండి. ఆ పొడవు నిజానికి 12.35 కావచ్చు, వెడల్పు 7.25 కావచ్చు, అప్పుడు వైశాల్యం 89.54. లేదా 12.45, 7.35 కావచ్చు, అప్పుడు 91.51. ఒక పక్క 89 పైన, ఇంకో పక్క 91 పైన, మధ్యలో మనం ఠీవిగా 90.52 అంటున్నాం. ఆ .52కి ఏమన్నా విలువ ఉందా? బోటాబోటీగా 91 అనడమే ఎక్కువ. గుణకారంలో, భాగహారంలో తక్కువ సార్థక అంకెలున్నదే జవాబుని నిర్ణయిస్తుంది అనే రూలు ఇక్కణ్ణించి వచ్చింది. 7.3లో రెండే, కాబట్టి జవాబులో రెండే. క్యాలిక్యులేటర్‌కి మీరేం కొలిచారో తెలియదు పాపం, దాని తెర మీద ఎన్ని అంకెలు పడితే అన్ని చూపిస్తుంది.

కూడికలో, తీసివేతలో అంకెల సంఖ్య చూడకూడదు, దశాంశ స్థానాలు చూడాలి. 150.2, 3.47, 0.086 కూడితే 153.756. మొదటిది పదో వంతు దాకానే తెలుసు, కాబట్టి 153.8. ఇది సులువే. దీని వెనక ఒక గొయ్యి ఉంది, అది చెప్పాలి. తీసివేత. ఖాళీ ఫ్లాస్కు 25.38 గ్రాములు, పొడి వేశాక 25.43 గ్రాములు. పొడి ఎంత? 0.05 గ్రాములు. నాలుగేసి అంకెలున్న రెండు మంచి కొలతలు తీసుకుని, తప్పు ఏమీ చేయకుండా, ఒక్క అంకెకి వచ్చి పడ్డాం. దగ్గరదగ్గర సంఖ్యల్ని ఒకదాన్నించి ఒకటి తీసేస్తే బలమైన అంకెలన్నీ కొట్టేసుకుపోతాయి, చివరి అనుమానపు అంకె మాత్రం మిగులుతుంది. ఆ 0.05ని తర్వాత దేంతో గుణించినా, ఏం చేసినా జవాబులో ఒక్క అంకే. ల్యాబులో ఇలా జరిగితే లెక్కలో దిద్దుకోలేం, పొడి ఎక్కువ తీసుకోవాలి, లేదా ఇంకా మంచి త్రాసు కావాలి.

ఇంకో రెండు మాటలు, తొందరగా. లెక్క మధ్యలో రౌండ్ చేయకండి, ఒకటో రెండో అంకెలు ఎక్కువే మోసుకెళ్లి చివర్లో ఒక్కసారి చేయండి. 2.346ని ఒక స్థానానికి రౌండ్ చేస్తే 2.3. అదే ముందు 2.35 చేసి తర్వాత మళ్లీ రౌండ్ చేస్తే 2.4. రెండుసార్లు చేస్తే జవాబే మారిపోయింది. రెండోది, లెక్కపెట్టినవీ, నిర్వచించుకున్నవీ కొలతలు కావు. వ్యాసం అంటే రెండు వ్యాసార్ధాలు, ఆ రెండుకి అనుమానమే లేదు, దానికి అంకెలు అనంతం అనుకోండి. అంగుళం అంటే 2.54 సెం.మీ., 1959 ఒప్పందం, కచ్చితం. కాంతి వేగం సెకనుకి 29,97,92,458 మీటర్లు, 1983 నుంచి అది కొలిచే సంఖ్య కాదు, మీటరుని దాని నుంచే నిర్వచిస్తున్నాం. 2019 నుంచి అవొగాడ్రో సంఖ్య కూడా అంతే, 6.02214076 × 10²³, దాని తర్వాత అన్నీ సున్నాలే. ఇవి మీ జవాబులో అంకెల్ని తగ్గించవు.

వృత్తాల లెక్కల్లో వచ్చే పై (π) విలువ సంగతి అడుగుతారు కొందరు, 3.14 వాడాలా 3.1416 వాడాలా అని. మీ కొలత కంటే ఒకటి రెండు అంకెలు ఎక్కువ వాడండి, చాలు. గ్రహాల మధ్య నౌకల్ని నడపడానికి నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వాళ్లు వాడేది 3.141592653589793, బిందువు తర్వాత పదిహేనే. విలియం షాంక్స్ అనే ఆయన 1873 నాటికి చేత్తో 707 స్థానాలు కట్టాడు. 528వ స్థానం నుంచి తప్పు. అది బయటపడింది డెబ్బై ఏళ్ల తర్వాత. ఈలోపు ఎవరికైనా నష్టం జరిగిందా? లేదు. ఏ కొలతకీ అన్ని అంకెలు అవసరం రాలేదు.

జ్వరం సంగతి చెప్తాను, ఇది మీకు పనికొస్తుంది. మామూలు ఒంటి వేడి 98.6 ఫారన్‌హీట్ అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ .6 చూస్తే ఎంత నిక్కచ్చిగా ఉందో కదా. నిజానికి అది 37 సెల్సియస్. జర్మన్ వైద్యుడు కార్ల్ వుండర్లిచ్ 1868లో వేసిన పుస్తకంతో స్థిరపడిన సంఖ్య. 37ని ఫారన్‌హీట్‌లోకి మారిస్తే 98.6 వచ్చి కూర్చుంది. 37 అంటే 36.5 నుంచి 37.5 దాకా అనుకుంటే ఫారన్‌హీట్‌లో అది 97.7 నుంచి 99.5 దాకా. దాదాపు రెండు డిగ్రీల వెడల్పు. మనుషుల్లోనూ, రోజులో వేళని బట్టీ మార్పు ఉంటుంది కూడా. 1992లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లని కొలిచి చూస్తే సగటు 98.2 వచ్చింది. మార్పిడి లెక్కలో పుట్టిన ఒక అంకెని పట్టుకుని, 98.8 చూపించగానే ఎంతమంది టెన్షన్ పడి ఉంటారో.

పైగా ఉష్ణోగ్రతలో ఇంకో తమాషా ఉంది. 5.0 డిగ్రీల సెల్సియస్, సార్థక అంకెలు రెండు. కెల్విన్‌లోకి మార్చండి, 273.15 కలిపితే 278.15, ఒక స్థానానికి 278.2. నాలుగు అంకెలు! థర్మామీటర్ మారలేదు, దాని మీద గీతలు మారలేదు. ప్రమాణం మారిస్తే అంకెలు మారవని ఇందాక చెప్పాను కదా, మరి ఇదేంటి? ఎవరైనా పట్టుకుంటారేమో అని చూస్తున్నాను. మీటరు, మిల్లీమీటరు రెండింటికీ సున్నా ఒకటే, గుణించడమే మార్పిడి. సెల్సియస్‌కీ కెల్విన్‌కీ సున్నాలు వేరు, కూడాలి. కూడిక వచ్చిందంటే స్థానాలు చూడాలి, అంకెలు కాదు. ద్రావణం ఎంత ఆమ్లమో చెప్పే పీహెచ్ కూడా ఇలాంటిదే, లాగరిథమ్ కాబట్టి బిందువు తర్వాతి అంకెలే లెక్క. పీహెచ్ 4.37 అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢత లీటరుకి 4.3 × 10⁻⁵ మోల్స్, రెండే అంకెలు. ముందున్న 4 పది ఘాతం చెప్పడంతో సరిపోయింది.

కంప్యూటర్ చదువుకునే పిల్లలు ముందు వరసలో ఉన్నారు కాబట్టి ఒక మాట. సార్థక అంకెలు లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాయమంటే చాలామంది చేసే పని, ఇన్‌పుట్‌ని వెంటనే సంఖ్యగా మార్చేయడం. మార్చగానే 1.50 కాస్తా 1.5 అయిపోతుంది. స్ప్రెడ్‌షీట్‌లో 1.50 కొట్టి చూడండి, మామూలు సెట్టింగులో సున్నా మింగేస్తుంది. కంప్యూటర్‌కి అది కొలత కాదు కదా, ఉత్త సంఖ్య. కాబట్టి దాన్ని అక్షరాలుగానే ఉంచుకోండి. ముందు ప్లస్సో మైనస్సో ఉంటే తీసేయండి, పది ఘాతం భాగం ఉంటే కోసేయండి, బిందువు ఉందా లేదా గుర్తు పెట్టుకుని దాన్నీ తీసేయండి, ముందున్న సున్నాలు తీసేయండి, బిందువు లేకపోయుంటే చివరి సున్నాలు కూడా తీసేయండి. మిగిలినవాటిని లెక్కపెట్టండి. పది లైన్లు కూడా కాదు. 1500 దగ్గర అది రెండు అంటుంది, ఒప్పందం ప్రకారం. అంతకన్నా దానికి తెలిసే దారి లేదు.

ఇంతా చెప్పి ఒకటి చెప్పకపోతే అన్యాయం. ఈ పద్ధతి మోటుది. 1.1, 9.9, రెండింట్లోనూ రెండు అంకెలే. చివరి స్థానంలో ఒకటి అటూ ఇటూ అయితే 1.1లో అది తొమ్మిది శాతం, 9.9లో ఒక్క శాతం. ఒకే పేరు పెట్టి రెండింటినీ ఒకే గాటన కట్టేశాం. అందుకే పని సీరియస్ అయిన చోట అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చోరు, అనుమానం ఎంతో పక్కనే రాస్తారు. విశ్వ గురుత్వ స్థిరాంకం చూడండి, 2018 సవరణలో 6.67430(15) × 10⁻¹¹ అని ఇచ్చారు. ఆ బ్రాకెట్లో 15 అంటే చివరి రెండు అంకెల్లో, అంటే 30లో, పదిహేను అటూ ఇటూ అని. కావెండిష్ 1798లో భూమి సాంద్రత కట్టడానికి చేసిన ప్రయోగంతో (ఈ స్థిరాంకం విలువ అందులోంచే లాగొచ్చు) మొదలుపెడితే రెండు వందల ఏళ్ల పైన కష్టపడ్డా మనం నమ్మకంగా చెప్పగలిగేది నాలుగైదు అంకెలే. గురుత్వం అంత బలహీనమైన బలం, ల్యాబులో కొలవడం అంత కష్టం.

ఒక్క ప్రశ్నకి టైముంది. ఆ అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉంచింది, అడుగమ్మా. త్రాసు 0.00 గ్రాములు చూపిస్తే అందులో సార్థక అంకెలు ఎన్ని అంటోంది. బాగా అడిగావు. రూలు ప్రకారం పోతే ఒక్కటీ లేదు, ఇందాకటి ప్రోగ్రామ్‌కి ఇస్తే సున్నా అనే చెప్తుంది. కానీ ఆ త్రాసు ఏమీ చెప్పలేదా? చెప్పింది. వందో వంతు దాకా చూశాను, ఏమీ కనపడలేదు అంది. 0 గ్రాములు అన్న త్రాసు కన్నా ఇది చాలా ఎక్కువ చెప్పింది. కాబట్టి ఇక్కడ అంకెలు లెక్కపెట్టడం మానేయ్. రికార్డులో 0.00 అని ఆ రెండు సున్నాలతో సహా రాయి, పక్కన 0.005 గ్రాముల కంటే తక్కువ అని రాయి.